నందపురము కథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఇంగ్లండులో వంద గడప లేని పల్లెకు కూడా వ్రాసిపెట్టిన చరిత్ర ఉంటుంది. 1538లో అక్కడి ప్రభుత్వము ప్రతి చర్చిలోను పెండ్లిండ్లూ, బాప్తిస్మములూ, ఖననములూ పుస్తకమునకెక్కించవలెనని ఆజ్ఞాపించినది. మనకు చెప్పుకొనే అలవాటే గాని వ్రాసే అలవాటు తక్కువ. చెప్పేవారితోపాటు కథ కూడా పోతుంది. అందుకే ఈనాడు మన కోరాపుట్ జిల్లాలోని నందపురమును గురించి రెండు మాటలు మనవి చేస్తాను.

సెమిలిగుడనుండి పాడువా పోయే దారిలో ఉన్న చిన్న ఊరది. ఒకప్పుడు రాజధాని. 15వ శతాబ్దమున వినాయకదేవునితో మొదలైన సూర్యవంశము వారు అక్కడినుండి ఏలినారు. 17వ శతాబ్దమున వీరవిక్రమదేవుని కాలములో రాజధాని జయపురమునకు తరలినది. రాజులు వెళ్ళినారు, రాళ్ళు మిగిలినవి. ముప్పదిరెండు మెట్ల సింహాసనమని జనులు చెప్పుకొనే కట్టడమును విక్రమార్కుని కథతో ముడిపెట్టేవారున్నారు. ఆ కథ మన తెలుగు పిల్లలూ ఎరిగినదే.

ఈ ఊరి సంగతులు వెదకాలంటే 1869లో కార్మైకేలు, 1907లో ఫ్రాన్సిస్ వ్రాసిన విశాఖపట్టణము జిల్లా గ్రంథములు చూడవలె. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడేవరకు ఈ సీమ ఆ జిల్లాలోనిదే. అంతకుముందు ఇక్కడికి వచ్చిన మన తాతలు పరాయి రాష్ట్రమునకు వచ్చినామనుకోలేదు, పక్క తాలూకాకు వచ్చినామనుకొన్నారు. ఆ రాజవంశమువారే అయిన విక్రమదేవవర్మ (1869–1951) ఒడియాలోను, తెలుగులోను గ్రంథములు రచించినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలిచ్చినారు.

అయితే దొరల పుస్తకములలో రాజులకు దొరికిన చోటు సామాన్యులకు దొరకలేదు. ఆ మెట్లకు రాళ్ళెత్తినదెవరు? గదబలు, పరజలు తమ ఊళ్ళను గురించి ఏమి చెప్పుకొంటారు? తీరమునుండి పెరికె ఎద్దులపై ఉప్పు వేసుకొని కనుమలెక్కిన వర్తకులు ఎక్కడ మజిలీ చేసినారు? ఇవి ముసలివారి నోళ్ళలోనే ఉన్నవి.

మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు, మంచిదే. కాని తాతగారి తెలుగు దస్తావేజు చదువలేనివారు ఇప్పటికే చాలమంది. కనుక ప్రతి కుటుంబమును ఒక్క కాగితము అడుగుతున్నాను. ఏ ఊరినుండి, ఏ దారిన, ఏ పనికి వచ్చినారు? మొదట అన్నము పెట్టిన ఇల్లెవరిది? తెలుగు రానివారు ఒడియా లిపిలోనైనా వ్రాయండి. వచ్చే ఉగాదిలోగా పెద్దలను అడగండి. నందపురమున రాళ్ళయినా మిగిలినవి, మన మాటలకు కాగితమే దిక్కు.