స్వదేశపు పూవులకొక తోట
(సాంస్కృతిక సంఘ సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



ఢిల్లీ నగరపు ఉద్యానములలో ఎఱ్ఱని కుంచెలు వ్రేలాడుచున్నట్లు పూచు చెట్టు ఒకటి గలదు. తోటమాలులు సైతము దానిని బాటిల్ బ్రష్ అనియే పిలుతురు. రహదారుల ప్రక్క నిటారుగా పెరిగి, వేసవి తొలిదినములలో బంగారు వన్నె పూలు పూచు సిల్వర్ ఓక్‌ను చూడనివారు తక్కువ. ఆ చెట్టే అరకు కొండలలో కాఫీ మొక్కలకు నీడనిచ్చుచు, తన మ్రానుపై మిరియపు తీగెను ప్రాకించుకొనుచున్నది. కోస్తా ఇసుక దిన్నెలపై సముద్రపు గాలికి హోరుమను సరుగుడు తోపులను గూర్చి తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు; పందిళ్ళకు గుంజలును, పొయ్యిలోనికి కట్టెలును అవియే ఇచ్చినవి. కాగితపు మిల్లులకు లారీలపై పోవు జామాయిలు కఱ్ఱయు వారికి కొత్త కాదు. ఈ నాలుగు చెట్లకును ఆస్ట్రేలియాయే పుట్టిల్లు. సరుగుడునకు మాత్రము ఆగ్నేయాసియా తీరములు కూడ పుట్టినిండ్లే.

ఇంత పరిచయమున్నను తెలుగువారు ఈ చెట్లయందు చూచినది కఱ్ఱ, నీడ, తైలము. వాటి పూవును చేతిలోనికి తీసికొని పరికించినవారు కొలదిమంది. అవి తమ పుట్టింట, తమ బంధువర్గముతో కలిసి పూచునప్పుడు ఎట్లుండునో తెలిసికొనవలెనన్న, ఆస్ట్రేలియా రాజధానియగు కాన్‌బెర్రాలోని జాతీయ వృక్షశాస్త్రోద్యానమును గూర్చి తెలిసికొనవలెను.

కాన్‌బెర్రాయు న్యూఢిల్లీ వలెనే ప్రభుత్వ కార్యాలయముల కొఱకై ముందు కాగితముపై గీచి, పిదప నేలపై కట్టిన నగరము. దానికి 1913లో నామకరణము జరిగెను. నగరము నంటియున్న బ్లాక్ మౌంటెన్ అను కొండ దిగువ వాలున ఈ తోట గలదు. తోట ఎట్లుండవలెనో తెలుపుచు డాక్టర్ డిక్సన్ 1935లో నివేదిక సమర్పించిరి. 1949 సెప్టెంబరులో నాటి ప్రధానమంత్రి బెన్ చిఫ్లీయు, లండనులోని క్యూ ఉద్యానమునకు అధిపతియైన సర్ ఎడ్వర్డ్ సాలిస్బరీయు తొలి మొక్కలను నాటిరి. 1970 అక్టోబరులో ప్రధానమంత్రి జాన్ గార్టన్ దానిని లాంఛనముగా ప్రారంభించిరి. నివేదిక మొదలు ప్రారంభోత్సవము వఱకు 35 సంవత్సరములు! దస్త్రములతో జీవించువారికి ఈ లెక్క వింతగా తోచదు. చెట్ల విషయమున ఇది నష్టమును కాదు. ప్రారంభోత్సవమునకు వచ్చినవారు నిలుచుటకు చెట్ల నీడ సిద్ధముగా నుండెను.

ఆ తోటకు ఒక నియమము గలదు. అందు ఆస్ట్రేలియా దేశపు మొక్కలనే పెంచవలెను. వినుటకు ఇది చిన్న నియమమే. కాని లోకములోని పెద్ద వృక్షశాస్త్రోద్యానములు పలుదేశముల వింతమొక్కలను సేకరించుటయే తమ ఘనతగా భావించెడివి. అందులోను ఆస్ట్రేలియాకు 1788 మొదలు వలస వచ్చిన ఆంగ్లేయులు తమ ఇంటి ముంగిట ఓక్, ఎల్మ్, గులాబీలను నాటుకొనిరి. చుట్టునున్న అడవిలోని చెట్లు వారిలో పలువురి కంటికి కళావిహీనములుగా తోచెను. ఆకు పచ్చగానుండక బూడిద వన్నెతో నుండెను. శిశిరమున ఆకు రాలుటకు మారుగా బెరడు రాలుచుండెను. అట్టి సమాజము నుండి, ఈ నేలపై పుట్టిన మొక్కలకే చోటుగల తోట ఒకటి కావలెనను సంకల్పము పుట్టుటకు నూటయేబది సంవత్సరములు పట్టెను. నేడు ఆ తోటలో నాలుగువేలకు పైగా జాతులు పెరుగుచున్నవి.

అచ్చటి వసంతము సెప్టెంబరులో ప్రారంభమగును. ఢిల్లీలో వానలు వెనుదీసి దసరా పనులు మొదలగువేళ, కాన్‌బెర్రాలో చలి విడిచి తోట పూవులతో నిండును. అందు ముందుగా కన్నులకు నిండుగా తోచునది వాటిల్ అను పసుపు పూవు. ఇది తుమ్మకు దగ్గరి చుట్టము. అదే రీతిగా గుండ్రని మెత్తని బంతులు కొమ్మ నిండ పూయును. ఈ వర్గమున ఆస్ట్రేలియాలో ఇంచుమించు వేయి జాతులున్నవి. వీనిలో పెక్కింటిది వింతయగు నడవడి. మొలకగా నున్నపుడు చింతాకు వలె చీలిన ఆకులు వేయును. పెరుగుకొలది ఆ ఆకులను మాని, ఆకుకాడనే వెడల్పు చేసికొని ఆకుగా వాడుకొనును. ఎండకు నీరు పోగొట్టుకొనకుండుటకు ఇది మంచి యుపాయము. బంగారు వాటిల్ కొమ్మ 1912 నాటి రాజచిహ్నమునందే చోటు సంపాదించినది. జాతీయ పుష్పముగా ప్రకటన మాత్రము 1988లో వెలువడెను. సెప్టెంబరు 1వ తేదీని దేశమంతట వాటిల్ దినముగా 1992లో నిర్ణయించిరి.

తోటలో పచ్చికబయలుపై యూకలిప్టస్ చెట్లు గుంపులుగా నున్నవి. తెలుగునాట జామాయిలు అను ఒక్కపేరుతో చెల్లుబాటగుచున్న ఈ వర్గములో 700కు పైగా జాతులున్నవి. టాస్మేనియా ప్రక్కనున్న బ్రూనీ ద్వీపమున కెప్టెన్ కుక్ మూడవ యాత్రలో, 1777లో డేవిడ్ నెల్సన్ సేకరించిన కొమ్మను చూచి, ఫ్రెంచి పండితుడు లెరిటియే 1788లో ఆ పేరు పెట్టెను. గ్రీకు భాషలో దానికి ‘బాగుగా మూయబడినది’ అని అర్థము. మొగ్గను చూచిన ఆ పేరు సార్థకమని తెలియును. దానికి విడివిడి రేకులు లేవు. రేకులన్నియు కలిసి చిన్న మూత వలె మొగ్గను కప్పియుండును. పూచువేళ ఆ మూత ఊడి క్రిందపడును. లోపల మడచియున్న కేసరములు వందలకొలది విచ్చుకొనును. తెలుపు, లేతపసుపు, గులాబి, ఎఱుపు రంగులలో పూవనబడునదంతయు ఆ కేసరముల గుచ్ఛమే. బాటిల్ బ్రష్‌లోని ఎఱుపును కేసరములదే. దాని వింత మఱియొకటి గలదు: పూగుత్తి చివర కొమ్మ ఆగిపోదు. పూలనడుమ నుండియే చిగురు ముందునకు సాగి, వెనుక కఱ్ఱవంటి చిన్న కాయలను మిగుల్చును. ఆ కాయలు ఏండ్ల తరబడి కొమ్మనంటియే యుండును. ఈ వింతను ఢిల్లీ తోటలలోనే పిల్లలకు చూపవచ్చును.

1770లో బోటనీ బే అను తీరమున దిగిన జోసెఫ్ బ్యాంక్స్, సొలాండర్ అను శాస్త్రజ్ఞులు సేకరించిన మొక్కలలో బ్యాంక్సియా ముఖ్యమైనది. బ్యాంక్స్ పేరున 1782లో దానికి ఆ పేరు వచ్చినది. మొక్కజొన్న పొత్తును నిలువుగా నిలిపినట్లుండు ఒక్కొక్క కంకిలో వందలు, ఒక్కొక్కయెడ వేలకొలది సన్నని పూలుండును. వానిలో మకరందము సమృద్ధిగా నూరును. దానికై తేనెపిట్టలు వచ్చును. తలపై పుప్పొడి పూసికొని మఱియొక చెట్టునకు చేర్చును. పశ్చిమ ఆస్ట్రేలియాలో బొటనవ్రేలంత చిన్న జంతువు ఒకటి, ఎలుకను పోలినది, కేవలము మకరందము, పుప్పొడి తినియే బ్రతుకును. చుంచెలుకంత ప్రాణికి ఏడాది పొడుగున భోజనము కావలెనన్న ఏడాది పొడుగున ఏదో యొక పూవు పూయవలెను. ఆ ఏర్పాటు ఆ అడవులలో గలదు.

ఇంతటి పూలసంపదకు ఆధారము సారవంతమైన నేలయని తలచుట సహజము. నిజము వేరు. ఆస్ట్రేలియా నేలలు ప్రపంచమున మిక్కిలి ప్రాచీనమైన, నిస్సారమైన నేలలలోనివి. వానిలో భాస్వరము అత్యల్పము. బ్యాంక్సియా, గ్రెవిలియా, వరాటా మొదలగు మొక్కలు ఆ కొంచెమును పట్టుకొనుటకై కుంచెలవలె గుబురైన వేళ్ళను పెంచుకొనినవి. ఈ నేర్పే వానికి బలహీనతయు నైనది. సామాన్యముగా తోటలకు వేయు భాస్వరపు టెరువును వీనికి వేసినచో, వేళ్ళు దానిని అమితముగా గ్రహించి, ఆకులు మాడి మొక్క చచ్చును. ఎరువు కొఱతతో చచ్చిన మొక్కలను ఎఱుగుదురు గాని, ఆదరము హెచ్చి చచ్చు మొక్కలను ఈ తోటమాలులే ఎక్కువగా నెఱిగియుందురు.

దేశమంతటి మొక్కలను ఒక్కచోట పెంచుట సులభము కాదు. కాన్‌బెర్రాలో శీతకాలపు రాత్రులు మంచు గడ్డకట్టును. వేసవి పొడిగా వేడిగా నుండును. ఇట్టిచోట ఒక ఎండు లోయలో సన్నని నీటితుంపరలు చిమ్ము గొట్టములను అమర్చి, నీడచెట్లను పెంచి, తూర్పుతీరపు వానయడవిని నిలిపిరి. అచ్చటికి సమీపముననే 2013లో మధ్య ఆస్ట్రేలియాను తలపించు ఎఱ్ఱమట్టి తోటను తెఱచిరి. మెట్టు దిగిన చల్లని ఫెర్నులు, దారి మళ్ళిన ఎడారి పొదలు! న్యూసౌత్‌వేల్స్ రాష్ట్ర పుష్పమగు వరాటాయు ఈ తోటలో గలదు. గుప్పెడు మించిన ఆ ఎఱ్ఱని పూవు దూరమునుండియే కనబడును. దాని శాస్త్రనామమునకును అదియే అర్థము. ‘వరాటా’ మాత్రము సిడ్నీ ప్రాంతపు ఆదివాసుల మాట.

ఆ మాట మిగిలియుండుట గమనింపదగినది. 1770కి పూర్వము ఈ మొక్కలకు పేర్లు లేకపోలేదు. ఏబదివేల సంవత్సరములకు పైగా ఆ ఖండమున నివసించుచున్న ఆదివాసులు బ్యాంక్సియా కంకులను నీట నానవేసి తీయని పానీయము చేసికొనిరి. వాటిల్ గింజలను విసరి పిండి చేసిరి. తోటలో ఈ విషయములను తెలుపు దారి యొకటి ప్రత్యేకముగా గలదు. స్వదేశపు మొక్కను గౌరవించుట, దానిని ముందుగా ఎఱిగినవారిని గౌరవించుటతోనే సంపూర్ణమగును.

ఇట్టి తోట నేడు విహారస్థలము మాత్రమే కాదు. ఆ దేశమున నిప్పు అడవికి పాత చుట్టము. పెక్కు బ్యాంక్సియాల కాయలు చెట్టుపైననే గట్టిగా మూసికొనియుండి, దావాగ్ని వేడికి తెఱచుకొనును. విత్తనములు చల్లారిన బూడిదపై పడి వానకు మొలచును. పలు యూకలిప్టస్‌లు మాడిన బెరడు క్రిందినుండి మరల చిగుర్చును. అయితే ఈ ఒప్పందమున ఒక గడువు గలదు. కొండలపై పెరుగు కొన్ని యూకలిప్టస్ జాతులు పెద్ద మంటకు చచ్చి, విత్తనము వలననే తిరిగి పుట్టును. ఆ పిల్లమొక్క విత్తనము కట్టుటకు ఇంచుమించు ఇరువది సంవత్సరములు కావలెను. అంతలోపల రెండవ మంట వచ్చినచో తల్లియు లేదు, విత్తనమును లేదు. విక్టోరియా కొండలలో ఇది జరిగినది; హెలికాప్టర్ల నుండి విత్తనములు చల్లవలసి వచ్చినది. 2019–20 వేసవిలో కోటి హెక్టారులకు మించి అడవి, పొలము కాలిపోయెను. వేడిమి పెరిగిన కొలది మంటల నడిమి గడువు తగ్గుచున్నది. అందువలననే తోటలోని జాతీయ విత్తనాగారమున అరుదైన జాతుల గింజలను ఆరబెట్టి, గడ్డకట్టు చలిలో భద్రపఱచుచున్నారు. ఎప్పుడో రాబోవు ఒక వానకై చేయు పొదుపు అది.

పుట్టినచోట రక్షణ కోరు చెట్టే పరాయినేలపై ఇతరులకు బరువగుటయు గలదు. 1843 ప్రాంతమున యూకలిప్టస్‌ను నీలగిరులకు తెచ్చిరి. వంటచెఱకునకు, తైలమునకు ఉపయోగపడిన మాట నిజమే. కాని అదియు, వెంట వచ్చిన వాటిలును అచ్చటి పచ్చికబయళ్ళను విస్తారముగా ఆక్రమించినవి. నేరము చెట్టుది కాదు. దానిని తిను పురుగును, నిగ్రహించు పొరుగువారిని వెనుక విడిచి, చెట్టును మాత్రమే ఓడ ఎక్కించిరి. ఏ మొక్క ఎక్కడిది, దాని చుట్టములెవరు అని ముందుగా తెలిసికొనుట ఎంత అవసరమో దీనివలన తేటపడును.

కాన్‌బెర్రా తోట నుండి తెలుగువారు నేర్వదగినది ఇదియే. శేషాచలము, వెలికొండ మొదలగు కొండలలోని ఎఱ్ఱచందనము ప్రధానముగా తెలుగునేలనే సహజముగా పెరుగును. దాని దుంగ ధర లోకమంతటికి తెలియును. దొంగరవాణా వార్తలు పత్రికలలో వచ్చుచునే యుండును. ఎండకాలమున అది పూయు చిన్న పసుపు పూవును చూచిన తెలుగువారెందఱు? దూరనగరములలో పెరుగుచున్న తెలుగుబిడ్డలకు పద్యములు, పాటలు నేర్పుటకు ఇట్టి సంఘములు పాటుపడుచున్నవి. ఆ పాఠముల ప్రక్కన స్వస్థలపు చెట్ల పేర్లు పది చేర్చినచో ఎక్కువ కాదు. సెలవులకు ఊరు పోయినపుడు వానిని చూపి, పూవేదో కాయయేదో చెప్పగల పెద్దలు ఇంకను ఇంటింట నున్నారు. వారు ఉండగనే ఆ పని జరుగవలెను.