చేత్తో చేసిన కెమెరా, తాళం వేసిన ల్యాబు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కన్వీనరుగారు నాకు పావుగంట ఇచ్చారు. "ఇంట్లో కెమెరా చేశావట కదా, ఆ ముచ్చట చెప్పు. చందాల సంగతి మాత్రం ఎత్తకు" అన్నారు. ముచ్చటే చెబుతాను. చివరి రెండు నిమిషాలు చందాల సంగతి ఎత్తుతాను. ముందే చెప్పేశాను కాబట్టి మాట తప్పినట్టు కాదు.

ఇదిగో ఆ కెమెరా. ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటూ చూడండి. టేకు చెక్క పెట్టె, ఇత్తడి పట్టీలు, లోపల మామూలు 35 మి.మీ. రీలు. బ్యాటరీ లేదు, వైరు లేదు, స్క్రీను లేదు. పెట్టె కింద పడినా నాకు బాధ లేదు, మళ్లీ చేస్తాను. లెన్సు మాత్రం జాగ్రత్త, అది మా అబ్బాయిది.

నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. మా అబ్బాయి మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కున్నప్పుడు పాత డిజిటల్ కెమెరా అమ్మేశాడు. దాని లెన్సొకటి బీరువాలో ఉండిపోయింది. నికాన్ 50 మి.మీ., ఎఫ్1.8 లెన్సు. గాజు మీద గీత కూడా లేదు. అంత మంచి వస్తువు పనిలేకుండా పడి ఉంటే వర్క్‌షాపు మనిషికి చెయ్యి ఊరుకోదు. సంతలో రీలు కెమెరా ఒకటి కొంటే సరిపోయేది కదా అని మా ఆవిడ అంది. నిజమే, సరిపోయేది. కానీ కెమెరా కావాలని కాదు నా కోరిక, కెమెరా చెయ్యాలని.

డిజిటల్ కెమెరా లెన్సు పాత రీలుకి ఎలా సరిపోతుందని అందరూ అడుగుతారు. దానికి వందేళ్ల కథ ఉంది. జర్మనీలో వెట్స్‌లార్ అనే ఊళ్లో, లైట్స్ కంపెనీలో ఆస్కర్ బార్నాక్ అనే మెకానిక్ ఉండేవాడు. 1913, 14 ప్రాంతంలో ఆయన సినిమా రీలు తీసుకుని చిన్న చేతి కెమెరా చేశాడు. సినిమా ఫ్రేము 24 × 18 మి.మీ. ఉంటే దాన్ని రెట్టింపు చేసి 36 × 24 చేశాడు. అదే 1925లో లైకా పేరుతో బజారులోకి వచ్చింది. తర్వాత ప్రపంచమంతా ఆ కొలతనే పట్టుకుంది. డిజిటల్ వచ్చాక రీలు పోయింది గానీ కొలత పోలేదు. ఇవాళ ఫుల్ ఫ్రేమ్ అని పిలిచే సెన్సార్ కూడా 36 × 24 మి.మీ.లే. ఆ సెన్సార్ కోసం చేసిన లెన్సు పాత రీలు ఫ్రేమును మూలలతో సహా నింపుతుంది. చిన్న సెన్సార్ కోసం చేసిన లెన్సయితే వెలుగు వలయం చిన్నది. మన ఫ్రేము ఐమూలగా 43 మి.మీ. ఉంటుంది కాబట్టి నాలుగు మూలలూ నల్లగా మిగిలిపోతాయి. ఇంట్లో ఎవరైనా చెయ్యాలనుకుంటే ముందు లెన్సు ఏ సెన్సార్‌దో చూసుకోండి.

రెండోది దూరం. లెన్సు బిగించే రింగు ముఖం నుంచి రీలు దాకా ఎంత దూరం ఉండాలో ప్రతి కంపెనీకీ ఒక లెక్క ఉంది. నికాన్ ఎఫ్ మౌంటుకు 46.5 మి.మీ., 1959 నుంచీ అదే. కేనన్ ఈఎఫ్‌కు 44 మి.మీ. ఇప్పుడొచ్చే మిర్రర్‌లెస్ లెన్సులకు బాగా తక్కువ. నికాన్ జడ్‌కు 16, సోనీ ఈ మౌంటుకు 18, కేనన్ ఆర్‌ఎఫ్‌కు 20. పైగా ఆ లెన్సుల్లో చాలావాటికి కరెంటు లేకపోతే ఫోకస్ రింగు ఎంత తిప్పినా లోపల గాజు కదలదు. అపెర్చరూ అంతే. మైక్రోకంట్రోలర్ పెట్టి వాటినీ ఆడించేవాళ్లు ఉన్నారు, వాళ్లకు దండం. మా అబ్బాయి వదిలేసిన లెన్సులో ఫోకస్ చేత్తో తిప్పితే నిజంగా కదులుతుంది. అపెర్చర్‌కు వెనక చిన్న మీట ఉంది. మీట వదిలేస్తే ఎఫ్16కి మూసుకుంటుంది, జరిపితే తెరుచుకుంటుంది. దాన్ని పట్టి ఉంచడానికి ఒక ఇత్తడి పట్టీకి గాట్లు పెట్టాను. ఎఫ్8 అంటే ఏమిటి? 50ని 8తో భాగించడమే. ఆరుంపావు మి.మీ. లెన్సు ముందు నుంచి చూస్తే రంధ్రం అంత కనబడే చోట ఒక గాటు. దీనికి వెనక పెద్ద శాస్త్రం ఏమీ లేదు, భాగహారమే.

మౌంటు రింగు ఎలా అంటారా? దగ్గరి వస్తువులు తీయడానికి వాడే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చవగ్గా దొరుకుతాయి. వాటి ముందు రింగు లెన్సును పట్టుకుంటుంది. దాన్ని విప్పి చెక్కకు బిగించాను. రీలు నడిచే పట్టాలు ఇత్తడితో ఆకురాయి పెట్టి చేశాను. రీలు తిప్పే పళ్ల చక్రం, వెనక నొక్కి ఉంచే పలక మాత్రం ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన పాడైన కెమెరాలోవి. ఆ చక్రానికి 8 పళ్లు. ఒక ఫ్రేముకి రీలు అంచున 8 రంధ్రాలు జరగాలి. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక ఫొటో. లెక్క పెట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు.

ఇక 46.5 అంటే ఎంత కచ్చితంగా 46.5 ఉండాలి? దీనికో సులువు లెక్క ఉంది. అపెర్చర్ అంకెను 0.03తో గుణించండి. అటూ ఇటూ అన్ని మి.మీ.ల తేడా వస్తే కంటికి తెలియదు. ఎఫ్1.8 దగ్గర అది 0.05 మి.మీ., అంటే ఒక కాగితం మందంలో సగం. ఎఫ్8 దగ్గర 0.24 మి.మీ., అంటే రెండు కాగితాలకు మించి. ఫ్యాక్టరీవాడు ఎఫ్1.8 దగ్గర బతకగలడు. చెక్క, ఆకురాయితో పనిచేసేవాడు ఎఫ్8 దగ్గర హాయిగా బతుకుతాడు. నేను వెర్నియర్‌తో కొలిచి, రింగు కింద కాగితం ముక్కలు ఒక్కొక్కటిగా పెట్టి సర్దాను. ఈ వెర్నియర్ చదవడం నాకు వర్క్‌షాపు నేర్పలేదు. ఈ స్కూలు ల్యాబులో, ఒకే ఒక్క వెర్నియర్ చుట్టూ తొమ్మిది మందిమి మూగి నేర్చుకున్నాం.

సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే రీలు ఉండే చోట గాజు ముక్క పెట్టి, దానికి లెన్సు వైపు ట్రేసింగ్ కాగితం అంటించాలి. బాల్కనీలో పెట్టి దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ చేస్తున్నాను. మా అపార్టుమెంటులో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతి వచ్చి, తల మీద నల్ల గుడ్డ కప్పుకుని చూసింది. చాలాసేపు తల బయటికి తియ్యలేదు. తీశాక, "తాతయ్యా, ఇది నిజంగానే తలకిందులుగా ఉంది!" అంది. కుంభాకార కటకం కిరణ చిత్రాలకు ఆ పిల్లకు ప్రతిసారీ పూర్తి మార్కులు వస్తాయి. నిజ ప్రతిబింబం తలకిందులుగా ఉంటుందని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ దాన్ని కంటితో చూడటం అదే మొదటిసారి. వాళ్ల స్కూల్లో ల్యాబు ఉంది, తలుపు తీయరు.

షట్టర్ దగ్గర ఆ పిల్లే నాకు అసిస్టెంటు. స్ప్రింగులూ గేర్లూ లేకుండా పాతకాలపు పద్ధతి ఒకటుంది. లెన్సు ముందు ఒక చట్రం నిలబెట్టి, అందులో చీలిక ఉన్న పలకను జారవిడవడం. పలక పడుతుంటే చీలిక లెన్సు ముందు నుంచి వెళుతుంది, ఆ కాసేపే వెలుగు లోపలికి పోతుంది. ఎంతసేపు? ఇక్కడ ఉన్నవాళ్లందరూ ఒకప్పుడు బట్టీపట్టిందే: వి స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు టూ జీ ఎస్. పలక 20 సె.మీ. పడితే వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు. చీలిక 4 సె.మీ. ఉంటే, 4 సె.మీ.లు దాటడానికి సెకనులో యాభయ్యో వంతు. అమ్మాయి ఒప్పుకోలేదు. "పలక పడేకొద్దీ వేగం పెరుగుతుంది కదా, చీలిక కింది అంచుకూ పై అంచుకూ ఒకే వేగం ఎలా వేస్తారు?" అంది. న్యాయమైన ప్రశ్న. కింది అంచుకు 18, పై అంచుకు 22 సె.మీ. వేసి మళ్లీ కట్టింది. సెకనులో యాభయ్యో వంతే వచ్చింది. అప్పుడు గానీ నమ్మలేదు. ఆ తర్వాత ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ తీసి లెక్కపెట్టాం. ఐదారు ఫ్రేముల సేపు చీలిక కనిపించింది. రాపిడి వల్ల వచ్చే కాస్త తేడాను రీలు భరిస్తుంది.

చట్రం కెమెరాను తాకకూడదు, తాకితే దెబ్బకు బొమ్మ చెదురుతుంది. లెన్సుకూ పలకకూ మధ్య నల్ల గుడ్డ తొడుగు ఉండాలి. పలకను మళ్లీ పైకెత్తే ముందు లెన్సుకు మూత పెట్టాలి. పెట్టె అతుకుల్ని మెట్టులాగా కొయ్యాలి, ఎందుకంటే వెలుతురు తిన్నగా పోతుంది, మలుపు తిరగలేదు. లోపలంతా మెరుపు లేని నల్ల రంగు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఫోను టార్చి పెట్టెలో వేసి మూసి చూస్తే ఎక్కడా చుక్క వెలుగు కనబడకూడదు. ఇంతే కెమెరా.

ఐఎస్ఓ 100 రీలు, చెట్టు నీడ, ఎఫ్8, సెకనులో యాభయ్యో వంతు. ఈ నాలుగూ ఒకదానికొకటి చక్కగా అమరుతాయి. మన చిన్నప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు 'ఇందు' పేరుతో రీలు తయారుచేసేవారు. ఇప్పుడు అక్కడ తయారీ లేదు, రీలు విదేశాల నుంచే రావాలి. కాబట్టి ఒక్కో ఫ్రేమూ ఆలోచించి తీయాలి. కడగడం ఇంట్లోనే. డెవలపర్ 20 డిగ్రీలుండాలి. మే నెల హైదరాబాదులో ట్యాంకు నీళ్లు వేడిగా వస్తాయి కదా, కుండనీళ్లకు నాలుగు ఐసు ముక్కలు చేర్చి థర్మామీటరు పెట్టుకున్నాం. హైపోలోంచి తీసి దండేనికి క్లిప్పులతో వేలాడదీసినప్పుడు అపార్టుమెంటు పిల్లలు పదిమంది వచ్చి నిలబడ్డారు. నల్ల ఆకాశం, తెల్ల వేపచెట్టు, నల్లటి పళ్లతో నవ్వుతున్న వాచ్‌మన్. ఒక్కరూ ఫోను చేతిలోకి తీసుకోలేదు. నేను లెక్కపెట్టాను.

ఇప్పుడు ఆ రెండు నిమిషాలు.

పోయిన నెల ఈ స్కూలుకొచ్చి హెడ్‌మేడమ్‌ను కలిశాను. మన ల్యాబు తాళం తీయించారు. బల్లల మీద విరిగిన బెంచీలు, పాత పరీక్ష పేపర్ల కట్టలు. బీరువాలో కటకాలు ఉన్నాయి, కాగితంలో చుట్టినవి చుట్టినట్టే. ఆ మేడమ్‌ను తప్పుపట్టడానికేమీ లేదు. ల్యాబు అసిస్టెంటు పోస్టు ఖాళీగా ఉంది, ఉన్న సైన్సు టీచరు ఒక్కరే నాలుగు తరగతులు చూస్తున్నారు.

మన సంఘం స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర గ్రానైటు ఆర్చి కట్టాలని తీర్మానం చెయ్యబోతోందని విన్నాను. ఆర్చి అందంగా ఉంటుంది, దాతల పేర్లు ఉంటాయి, కాదనను. కానీ ఆర్చి కింద నుంచి పిల్లలు నడిచిపోతారు, అంతే. అదే నిధిలో కొంత ల్యాబుకు కేటాయిస్తే ఆ పిల్లలు లోపలికి వస్తారు. నేను అడిగేది పెద్దదేం కాదు. గది శుభ్రం చేసి సున్నం వేయించాలి. రెండు కిటికీలకు నల్ల తెరలు కట్టించాలి. ఆకురాళ్లు, రంపాలు, నాలుగు వెర్నియర్లు కొనాలి. వారానికి మూడు రోజులు వచ్చే అసిస్టెంటు ఒకరికి రెండేళ్ల జీతం ఇవ్వాలి. దాతల పేర్లు ల్యాబు గోడ మీద రాద్దాం, పెద్ద అక్షరాలతోనే.

నా వంతుగా నెలకు రెండు శనివారాలు నేనొస్తాను, బస్సు చార్జీ నాదే. ఈ కెమెరాను ఇవాళ హెడ్‌మేడమ్‌కు అప్పగిస్తున్నాను. లెన్సు ఇచ్చేయడానికి మా అబ్బాయి ఫోనులో ఒప్పుకున్నాడు. అద్దాల బీరువాలో పెట్టి పూజించడానికి కాదు, విప్పి చూడటానికి. పిల్లలు విప్పి, మళ్లీ బిగించలేకపోతే ఇంకా మంచిది, నేను వచ్చి వాళ్లచేతే బిగించిస్తాను. మీ బీరువాల్లోనూ ఇలాంటి పాత లెన్సులు ఉంటాయి, తెచ్చి ఇవ్వండి. ఆ నిధి సంగతి సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది, దయచేసి అప్పటిదాకా ఉండండి.

భోజనాలకు వెళ్లేముందు ఒక్క మాట. చింతచెట్టు కింద చట్రం నిలబెట్టి ఉంచాను, రీలులో 36 ఫ్రేములున్నాయి. బ్యాచీల వారీగా వచ్చి నీడలో నిలబడండి. గురువులు కుర్చీల్లో, మనం వెనక. పలక జారవిడిచేది తొమ్మిదో తరగతి పిల్లలు, వాళ్లకు పొద్దున్నే నేర్పించాను. యాభై ఏళ్ల సంఘం కదా, సెకనులో యాభయ్యో వంతు కదలకుండా ఉంటే చాలు.