మాంసపు కోళ్ళ దాణాలో ఎంజైములు



కోళ్ళ పెంపకపు ఖర్చులో అధిక భాగము దాణాకే పోవును. అందులో కోడికి ఒంటబట్టునదెంత, రెట్టలో పోవునదెంత అని మనము విచారింపవలెను.

మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు - వీనిలోని భాస్వరములో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ అను రూపమున చిక్కుపడి యుండును. దానిని విడదీయు ఎంజైము కోడి ప్రేగులలో మిక్కిలి స్వల్పము. అందుచే ఎముకల బలమునకై డైకాల్షియం ఫాస్ఫేటును వేరుగా కొని కలుపుచున్నాము. గింజలోని భాస్వరమో రెట్టతో పోయి, వానకు కొట్టుకొనివచ్చి, చెరువులలో నాచును పెంచుచున్నది.

1991లో తొలిసారి విపణికి వచ్చిన ఫైటేజ్ అను ఎంజైము ఈ చిక్కును విప్పును. కిలో దాణాకు 500 యూనిట్లు కలిపినచో సుమారు 1 గ్రాము భాస్వరము కోడికి అందివచ్చును. ఆ మేరకు ఫాస్ఫేటును తగ్గింపవలెను. తగ్గింపకయే ఎంజైమును కలుపుట ఒక పనికి ఇరువురికి కూలి ఇచ్చుట వంటిది. ఎంత తగ్గింపవలెనో పశువైద్యుని అడిగి నిర్ణయించుకొనుడు.

మోతాదు స్వల్పము గనుక ముందు కొద్దిపాటి తవుడులో కలిపి, పిమ్మట దాణా అంతటికిని పట్టింపవలెను. వేడికి, తేమకు దీని శక్తి నశించును. నీడపట్టున, పొడిచోట ఉంచుడు. గుళికల దాణా చేయువారు వేడికి తాళు రకమునే ఎన్నుకొనవలెను.

కడపట మేము చెప్పునది ఒక్కటే: ఎంజైము పుచ్చిన గింజను మంచి గింజగా మార్చదు. మంచి గింజలోని సారము వృథా పోకుండ కాపాడును.