ఏ డేటాబేసు మేలు? - ఒక గుమాస్తా లెక్క
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల రిజిస్టరు, చందాల లెడ్జరు, దివంగత సభ్యుల కుటుంబాల జాబితా - ఈ మూడింటినీ కంప్యూటరులోకి ఎక్కించాలని కార్యవర్గం తీర్మానించిన సంగతి మీకు తెలుసు. అందుకు ఏ డేటాబేసు తీసుకోవాలో విచారించి చెప్పమని నాకు అప్పగించారు. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. మా అమ్మాయి ఉద్యోగం ఇదే కనుక ఆమెను రెండు నెలలపాటు విసిగించి, ఇంట్లో పాత కంప్యూటరు మీద నేనే కొన్ని చేసి చూసి, తెలుసుకున్నది మనవి చేస్తాను.

1970లో ఐబీఎం కంపెనీలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే ఆయన ఒక వ్యాసం రాశారు. సమాచారమంతా పట్టికలుగా ఉండాలి, ఒక పట్టికకూ మరో పట్టికకూ నంబరే లంకె కావాలి అని దాని సారాంశం. పి.పి.ఓ. నంబరు పట్టుకుని మనం ఒక రిజిస్టరులోంచి ఇంకో రిజిస్టరులోకి వెళ్లేవాళ్లం కదా, అదే పద్ధతి. చిరునామా ఒక్కచోటే ఉంటుంది, మారితే ఒక్కచోటే దిద్దుతాం. ఐబీఎం వారు తాత్సారం చేస్తుండగా, 1977లో పుట్టిన ఒక చిన్న కంపెనీ 1979లోనే ఈ పద్ధతి మీద సరుకు తయారుచేసి అమ్మింది. అదే ఒరాకిల్. ఐబీఎం వారి డీబీ2 1983లో గాని రాలేదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌ది 1989. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధనగా మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. 1995లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ చేతులు మారి 2010లో ఒరాకిల్ పంచన చేరింది.

పెన్షనరు కాలం చేస్తే ఆయన పెన్షను ఆపాలి, భార్యకు ఫ్యామిలీ పెన్షను మొదలుపెట్టాలి. మొదటిది రాసి రెండోది రాయబోతుండగా కరెంటు పోతే? రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. ఈ కట్టుబాటు పైవాటన్నింటికీ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం 2010 వరకు మామూలుగా తయారయ్యే పట్టికలకు అది లేదు, ఇప్పుడు ఉంది. ఇందులో ఎవరినీ తక్కువ చేయనక్కరలేదు.

తేడాలు ఖాళీ గడి దగ్గర బయటపడతాయి. ఒక సభ్యుడికి ఫోను లేదు. ఇంకొకరికి ఉందో లేదో మనకు తెలియదు. గుమాస్తా దృష్టిలో ఇవి రెండు వేరు వేరు సంగతులు. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వీటిని విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి. ఒరాకిల్ ఖాళీగా రాసినదాన్నీ, తెలియనిదాన్నీ ఒకే గాటన కడుతుంది. అంత ఖరీదైన సరుకు ఇలా చేస్తుందంటే నేను నమ్మలేదు, మా అమ్మాయి చేసి చూపించింది. మైఎస్‌క్యూఎల్ ఒకప్పుడు ఫిబ్రవరి 31 అని కొడితే వద్దనకుండా, తేదీ స్థానంలో అన్నీ సున్నాలు పెట్టి ఊరుకునేది. 2015 నాటి 5.7 వెర్షను నుంచి అటువంటి తేదీని మామూలుగా తిరగ్గొడుతోంది.

ఈ గళ్ల గోల మనకెందుకంటారా? ఒక కార్యాలయంలో వివరాలు ఎక్కించేటప్పుడు నా సహోద్యోగి భార్య పుట్టిన తేదీ కాగితాల్లో దొరకలేదు. గడి ఖాళీగా ఉంటే ముందుకు పోనివ్వదు కనుక, ఎక్కించే అబ్బాయి జనవరి 1 అని ఏదో సంవత్సరం వేసేశాడు. (మనలో సగం మందికి బడిపంతులుగారు జూలై 1 వేసినట్టే అనుకోండి!) ఆవిడ అసలు వయసుకన్నా అది చాలా తక్కువ. వయసును బట్టి రావలసిన అదనపు పెన్షను రెండేళ్లకు పైగా రాలేదు. నాలుగు అర్జీలు నేనే రాసి పెట్టాను. ప్రతిసారీ "కంప్యూటరులో ఇలాగే ఉందండీ" అన్నారు. చివరికి వచ్చింది గాని, ఆ రెండేళ్లూ మందుల ఖర్చుకు ఆవిడ కొడుకు దగ్గర చెయ్యి చాచవలసి వచ్చింది. ఆ తప్పు ఏ కంపెనీ సరుకుదీ కాదు. "తెలియదు" అని రాయడానికి ఆ గడిలో చోటు పెట్టనివారిది. కాబట్టి మన పట్టికలో పుట్టిన తేదీ ఖాళీగా ఉండవచ్చు, పక్కనే రుజువు ఏమిటో రాసే గడి ఉండాలి అని నా మొదటి షరతు.

రెండోది, నిరీక్షణ. లెడ్జరు ఒకరి టేబులు మీద ఉంటే మిగతావారు ఆగవలసిందే కదా. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు అమరికలో అంతే, రాసేవారు ముగించేదాకా ఆ వరుసను చదివేవారు ఆగుతారు. అమరిక మార్చుకోవచ్చు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లలో చదివేవారికి పాత ప్రతి చూపిస్తాయి, ఆగనక్కరలేదు. పోస్ట్‌గ్రెస్ ఆ పాత ప్రతులను అదే పట్టికలో ఉంచుతుంది గనుక అప్పుడప్పుడు ఊడ్చాలి. తనే ఊడ్చుకుంటుంది గాని, పెద్ద సంస్థల్లో దానిమీద ఒక కన్ను వేసి ఉంచాలట. ఇద్దరు ముగ్గురు కూర్చుని రాసే మన ఆఫీసులో ఏదైనా ఒకటే.

ఇక డబ్బు. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషను ధర చాలా ఏళ్లుగా వారి పట్టికలో ఒక్కో ప్రాసెసర్ లైసెన్సుకు 47,500 డాలర్లు. సపోర్టు పేరిట ఏటా అందులో 22 శాతం, అంటే 10,450 డాలర్లు. బేరమాడితే తగ్గిస్తారు. వేల మంది ఒకేసారి లావాదేవీలు చేసే బ్యాంకు అర్ధరాత్రి ఫోను చేస్తే పలికే మనిషి కోసం అంత ఇస్తుంది, తప్పులేదు. ఒరాకిల్‌కూ, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కూ పరిమితులు పెట్టి ఉచితంగా ఇచ్చే చిన్న ఎడిషన్లున్నాయి. మన రిజిస్టరు వాటిలోనూ పడుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు ఆ పరిమితులు లేవు, లైసెన్సు రుసుమూ లేదు. రేపు ఎవరైనా మన దగ్గర కొటేషను పెట్టి పెద్ద పేరు చెబితే, ఆ పేరుకు కాదు, ఏటేటా కట్టే సొమ్ముకు సంతకం పెడుతున్నామని గుర్తుంచుకోండి.

అందుచేత పోస్ట్‌గ్రెస్ తీసుకోమని నా సిఫారసు. అయితే ఉచితంగా వచ్చిన ఆవుకైనా మేత వెయ్యాలి. రోజూ రాత్రి ఒక నకలు తీసి ఆఫీసు బయట మరోచోట ఉంచాలి. నెలకోసారి ఆ నకలును వేరే కంప్యూటరులో తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే. ఈ పని నేర్చుకోవడానికి సభ్యుల పిల్లల్లో ఇద్దరు కావాలి, ఒక్కరు చాలరు. కాగితం రిజిస్టరును ఏడాదిపాటు పక్కన రాస్తూనే ఉందాం, ఆ పని నేను చేస్తాను.

వచ్చే సమావేశానికి ప్రతివారూ పి.పి.ఓ. నకలు, భార్య లేక భర్త పుట్టిన తేదీకి ఏదైనా రుజువు తీసుకురావలసిందిగా ప్రార్థన. రుజువు లేనివారు కూడా రండి, "తెలియదు" అనే రాసుకుంటాం. సెలవు.