పెంచి విడిచిన చేపల జాడ



వర్షములు కురిసి చెరువులు నిండిన పిమ్మట బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను తెచ్చి విడుచుట తెలుగు పల్లెలలో అందరు ఎరిగిన పనియే. పూర్వము ఈ పిల్లలను నదుల వరదనీటిలో పట్టి తెచ్చెడివారు. 1957వ సంవత్సరమున ఒరిస్సాలోని అంగుల్‌నందు హీరాలాల్ చౌధురియు, ఆయన సహచరుడు కె. హెచ్. అలికున్హియు చేపలకు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి పిల్లలు దొరకుట సులువైనది.

అయితే విడుచుటతో పని తీరునా? విడిచినవానిలో ఎన్ని బ్రతికినవి? ఎచ్చటికి పోయినవి? అవి పెరిగి మరల సంతానమును కనినవా? చిన్న చెరువైనచో వేసవిలో వల లాగి లెక్క చూడవచ్చును. ఆవలి ఒడ్డు కానరాని సరస్సునందు లెక్క చూచుట ఎట్లు? అమెరికా, కెనడాల నడుమనున్న మహాసరస్సులయందు మత్స్యశాస్త్రజ్ఞులు 60 ఏండ్లకు పైగా ఈ ప్రశ్నతోనే పెనగులాడుచున్నారు.

ఆ సరస్సులు ఐదు: సుపీరియర్, మిచిగన్, హ్యూరాన్, ఈరీ, అంటారియో. వానియందు లేక్ ట్రౌట్ అను పెద్ద చేప ఒకప్పుడు జాలరులకు జీవనాధారము. అంటారియో సరస్సునకు పైనున్న నాలుగింటిని నయాగరా జలపాతము కోటగోడవలె కాచుచుండెను. ఓడల కొరకు త్రవ్విన వెల్లండ్ కాలువ ఆ గోడకు ప్రక్కదారి యయ్యెను. ఆ దారిని సీ లాంప్రే అను జీవి 1921 నాటికి ఈరీలోనికి, 1930ల చివరకు తక్కిన మూడింటిలోనికి ప్రవేశించెను. అది పామువలె నుండును. దవడలు లేని గుండ్రని నోటితో చేపను కరచిపట్టి నెత్తురు పీల్చును. దానికి మితిమీరిన వేట తోడయ్యెను. 1950లలో మిచిగన్ సరస్సున లేక్ ట్రౌట్ పేరునకైనను మిగులలేదు.

శాస్త్రజ్ఞులు సుమారు 6,000 రసాయనములను పరీక్షించి, లాంప్రే పిల్లలను మాత్రము చంపి తక్కిన చేపలకు అంతగా హాని చేయని మందును కనిపెట్టిరి. 1958 నుండి దానిని సరస్సులలో కలియు ఏరులయందు వాడిరి. పిమ్మట 1965 నుండి కేంద్రములలో పెంచిన ట్రౌట్ పిల్లలను మిచిగన్ సరస్సున విడువసాగిరి.

విడుచుటకు ముందు పిల్లకు ఒక చిన్న రెక్కను కత్తిరించెడివారు. రెక్క లేని చేప వలలో పడినచో అది మనుష్యులు పెంచినది. అన్ని రెక్కలు నున్నచో సరస్సులోనే పుట్టినది. తరువాత మరియొక ఉపాయము వచ్చినది. సుమారు ఒక మిల్లీమీటరు పొడవుగల ఉక్కుతీగను పిల్ల మూతిలోనికి ఎక్కింతురు. దానిపై సంకేతముండును. చేప దొరకినప్పుడు తీగను వెలికితీసి సూక్ష్మదర్శినితో చదివినచో, అది ఏ సంవత్సరమున, ఏ చోట విడిచిన గుంపులోనిదో తెలియును.

ఏండ్లు గడచినవి. వలలలో బలిసిన ట్రౌట్లు పడుచుండెను. చూచినవారు సంతోషించిరి. కాని పట్టినవాటిలో దాదాపు అన్నియు రెక్క కత్తిరించినవే! చేపలు బ్రతికినవి, గ్రుడ్లు పెట్టినవి. సంతానము మాత్రము నిలువలేదు. రెక్క గుర్తే లేకున్నచో ఈ వైఫల్యము ఎవరికిని తెలిసెడిది కాదు.

కారణములను వెదకిరి. ట్రౌట్ గ్రుడ్లు రాతిదిబ్బల సందులలో పొదుగును. మంచి దిబ్బలు సరస్సు నడుమ నుండగా, పిల్లలను పెక్కు తావుల ఒడ్డుననే విడిచిరి. మరియు సముద్రమునుండి వచ్చిన ఏల్‌వైఫ్ అను చిన్నచేప ట్రౌట్ పిల్లలను మ్రింగుచుండెను. పెద్ద ట్రౌట్లకు ఆ ఏల్‌వైఫే ముఖ్యాహారము. దాని శరీరమందలి ఒక పదార్థము బి1 విటమినును నశింపజేయును. ఆ విటమిను కొరతచే మనుష్యులకు బెరిబెరి వచ్చునట్లే, ట్రౌట్ గ్రుడ్లనుండి వచ్చిన పిల్లలు చనిపోవుచుండెను. పెంపకకేంద్రములలో విటమిను కలిపిన నీట ముంచగా అట్టి పిల్లలు బ్రతికినవి.

దోషము తెలిసినందున పద్ధతి మారినది. సరస్సు నడిమి దిబ్బలపై పిల్లలను విడిచిరి. లాంప్రే కాటునకు ఎక్కువగా తాళుకొను సెనెకా సరస్సు జాతిని ఎన్నుకొనిరి. 2004 నాటికి హ్యూరాన్ సరస్సున ఏల్‌వైఫ్‌లు దాదాపు అంతరించెను. ఆ ఏటినుండియే అన్ని రెక్కలుగల చిన్నట్రౌట్లు వలలలో విరివిగా కానవచ్చినవి. సుపీరియర్‌లో కొంత స్థానిక సంతతి మిగిలియుండుటచే పని ముందుగానే ఫలించెను. అందలి అధికభాగమున ట్రౌట్ పూర్తిగా కోలుకొన్నదని మహాసరస్సుల మత్స్య కమిషన్ 2024లో ప్రకటించెను.

తన గుర్తు లేని చేప దొరకిన దినమే చేపలు పెంచినవానికి పండుగ దినము! గ్రంథాలయమునకు ఎన్ని పుస్తకములు వచ్చినవో చేర్పు పుస్తకము చెప్పును. ఎన్ని ఇండ్లకు పోయి వచ్చినవో ఇచ్చిపుచ్చుకొను పుస్తకము చెప్పును. మొదటి లెక్క ఖర్చునకు సాక్షి, రెండవది ఫలమునకు సాక్షి. చెరువులో పిల్లలను విడుచు మత్స్యకారుల సంఘములును ఎన్ని విడిచితిమని వ్రాసికొనుటతో ఆగక, ఎన్ని దక్కినవని కూడ వ్రాసికొనినచో, వచ్చు ఏటి పొరపాటు ఈ ఏడే తెలిసిపోవును.