దూరపు పొరుగువాని హక్కు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయనే మానవులను భూమిపై వ్యాపింపజేశాడు. వారి భాషల్లోని, వర్ణాల్లోని వైవిధ్యాన్ని తన సూచనలలో ఒకటిగా నిలిపాడు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధర్మ సోదరులారా! ముందుగా నన్ను, పిదప మిమ్మల్ని అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ఉపదేశిస్తున్నాను. తఖ్వా అనేది మస్జిదు గడప లోపల మొదలై గడప దగ్గరే ముగిసేది కాదు. అది మనతో పాటు వీధిలోకి నడవాలి, బజారులోకి రావాలి, మనం అద్దెకిచ్చిన గది తలుపు దాకా వెళ్ళాలి.

కొన్ని నెలల క్రితం ఒక రాత్రి ఇషా నమాజు ముగిశాక ఇద్దరు యువకులు మన మస్జిదు వాకిట నిలబడ్డారు. వారికి తెలుగు రాదు. తమ గదిలో ఉండే మిత్రుడు మరణించాడని, గుసుల్, కఫన్ ఏర్పాట్లకు ఎవరిని అడగాలో తెలియలేదని ఉర్దూలో చెప్పారు. పని కోసం ఎంతో దూరం నుండి వచ్చిన కుర్రవాడు. ఐదు రోజులు జ్వరంతో పడి ఉన్నాడు. పగలంతా వీరిద్దరూ పనికి పోయేవారు. ఆ గది గోడకు అవతల కాపురం ఉండేది మనవాళ్ళే. గంజి నీళ్ళు ఇచ్చిన చేయి లేదు, 108కి ఫోను చేసిన మనిషి లేడు.

అతని తల్లికి ఫోనులో విషయం చెప్పవలసిన బాధ్యత నాపై పడింది. చాలాసేపు ఏడ్చిన తర్వాత ఆమె అడిగింది: "మౌలానా సాహెబ్, అక్కడ మస్జిదు ఉందా?" ఉందమ్మా అన్నాను. "అయితే మా వాడు మీకు తెలిసే ఉంటాడు కదా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ముఖం చూసిన తర్వాతే నాకు జ్ఞాపకం వచ్చింది. ప్రతి జుమాకు వచ్చి చివరి సఫ్‌లో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా నిలబడి, సలాం తిప్పగానే వెళ్ళిపోయే కుర్రవాడు. ఎన్నో జుమాలు నా వెనుక నమాజు చేశాడు. ఒక్కసారి కూడా నేను అతని పేరు అడగలేదు. మరునాడు అతని జనాజాలో ఒక సఫ్ కూడా నిండలేదు.

సోదరులారా! బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉల్లేఖించబడిన ఒక సంఘటన వినండి. మస్జిదె నబవీని ఊడ్చి శుభ్రం చేసే ఒక సామాన్య వ్యక్తి ఉండేవారు. కొన్నాళ్ళు కనిపించకపోయేసరికి దైవప్రవక్త (స) వారిని గురించి వాకబు చేశారు. మరణించారని సహచరులు చెప్పారు. నాకెందుకు తెలియజేయలేదని ఆయన అడిగారు. వారు ఆ వ్యక్తిని చిన్నగా భావించారని ఉల్లేఖనంలో ఉంది. ఆయన సమాధి ఎక్కడో చూపించమని కోరి, అక్కడికి వెళ్ళి జనాజా నమాజు చేశారు. అరబ్బు తెగల రాయబారులు వచ్చిపోయే మదీనా నాయకునికి మస్జిదు ఊడ్చేవారు కనిపించని సంగతి తెలిసింది. మనకు మన చివరి సఫ్ తెలియలేదు.

మన చిల్లకూరు ఒకప్పటి చిల్లకూరు కాదు. ఒకప్పుడు ఎవరింటికి చుట్టం వచ్చినా ఊరందరికీ తెలిసేది. ఇప్పుడు చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నెంబరు జాతీయ రహదారి పక్కన మనం జీవిస్తున్నాము. దగ్గరలోని కృష్ణపట్నం ఓడరేవు 2008లో ప్రారంభమైంది. మన మండలపు తెల్ల ఇసుక గాజు కార్ఖానాలకు పోతున్నది. మన తీరంలోని గుంటల్లో పెరిగిన రొయ్య సముద్రాలు దాటి అమెరికాలో భోజనపు బల్లపైకి చేరుతున్నది. చిల్లకూరు, కోట మండలాలలో రానున్న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. రేపు ఇక్కడికి ఇంకా ఎక్కువ మంది వస్తారు. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశంలో ప్రతి వంద మందిలో సుమారు 31 మంది పట్టణాలలో ఉన్నారు. పట్టణం మన ఊరి దాకా నడిచి వస్తున్నది.

పట్టణం రావడం తప్పు కాదు. ఉపాధి కోసం ప్రయాణించడం అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించడమే. శీతాకాలపు, వేసవికాలపు వర్తక ప్రయాణాలను, ఆకలి నుండి, భయం నుండి లభించిన రక్షణను జ్ఞాపకం చేసి, అందుకు కృతజ్ఞతగా ఈ గృహపు ప్రభువును ఆరాధించమని అల్లాహ్ సూరా ఖురైష్‌లో ఆదేశించాడు. తప్పు మరొకచోట ఉంది. ఊరు పెద్దదయ్యేకొద్దీ మనుషులు దగ్గరగా ఉంటారు గాని ఒకరికొకరు తెలియరు. పల్లెలో పొరుగువాడంటే పేరు, ఇంటిపేరు, తాత పేరు. పట్టణంలో పొరుగువాడంటే మూసి ఉన్న తలుపు.

అందుకే సూరా నిసా 36వ ఆయతును శ్రద్ధగా చదవండి. అల్లాహ్ తన ఆరాధనను ఆదేశించి, దాని వెంటనే తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల హక్కులను పేర్కొన్నాడు. ఆ తర్వాత పొరుగువారిని రెండు విధాలుగా చెప్పాడు. బంధుత్వం గల పొరుగువాడు ఒకడు. బంధుత్వం లేని, పరాయివాడైన పొరుగువాడు మరొకడు. ఇతనినే అరబీలో "అల్ జారుల్ జునుబ్" అంటారు. ఆపైన పక్కనుండే సహచరుని, బాటసారిని కూడా చేర్చాడు. మన భాష రానివాడు, మన వంట తిననివాడు, మన ఊరి పెద్దలెవరో తెలియనివాడు, అతడే దూరపు పొరుగువాడు. అతని హక్కు మన దయ మీద ఆధారపడినది కాదు. అది ఆయతులో వ్రాయబడిన హక్కు.

ఈ హక్కుకు మతం కూడా అడ్డుగోడ కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగారు. పొరుగువారి గురించి జిబ్రయీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, వారిని వారసులుగా కూడా చేస్తారేమో అని దైవప్రవక్త (స) భావించిన హదీసును వారు అక్కడే వినిపించారు. కాబట్టి పక్క గదిలో ఉన్నది ఒరిస్సా హిందువైనా, బీహారు ముస్లిమైనా, మన తెలుగు క్రైస్తవుడైనా మీ కూర వాసన అతని తలుపు తట్టినప్పుడు అతని హక్కు కూడా మీ తలుపు తడుతుంది.

మనకు ఇది చేతకాదని నేను అనను. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. ఆ సంవత్సరం రంజాన్ మాసం ఏప్రిల్ చివర మొదలై మే 24న ముగిసింది. మస్జిదులు మూసి ఉన్నాయి, తరావీహ్ ఇళ్ళలోనే చేసుకున్నాము. ఆ ఎండల్లో ఇదే రహదారి మీద ఉత్తరాదికి వెళ్ళే కూలీలు పిల్లలను భుజాన వేసుకొని నడిచారు. ఉపవాసం ఉన్న మన యువకులు హిందూ సోదరులతో కలిసి వారికి మజ్జిగ, అన్నం పొట్లాలు అందించారు. దారిన పోయేవాడిని ఆదరించాము. మరి అదే మనిషి మన వీధిలో గది తీసుకుంటే ఎందుకు చూడము?

ఇంకొక మాట ఆలోచించండి. మన ఇళ్ళలో కువైట్‌లోనో, సౌదీలోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో బిడ్డ లేని ఇల్లు ఎన్ని? పెద్ద నగరంలో పేరు వినగానే గది లేదన్నారని మన పిల్లలు ఫోనులో చెబితే మన గుండె మండుతుంది. మండాలి కూడా. కాని మన ఊళ్ళో పరదేశి కూలీకి గది ఇచ్చేటప్పుడు మనలో కొందరు ఏమి చేస్తున్నారు? ఒక గదిలో పది మందిని ఉంచి తలకింత అని వసూలు చేయడం, మరుగుదొడ్డికి నీళ్ళు లేకపోయినా పట్టించుకోకపోవడం, జబ్బు చేస్తే ఖాళీ చేయమనడం. మన బిడ్డ కోసం ఏది కోరుకుంటామో దానినే పరుల బిడ్డ కోసం కోరుకోనంతవరకు మన విశ్వాసం సంపూర్ణం కాదు.

మదీనాను చూడండి. క్రీ.శ. 622లో మక్కా నుండి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన ముహాజిర్లను అన్సారులు ఆదరించారు. దైవప్రవక్త (స) ఒక్కొక్క ముహాజిరును ఒక్కొక్క అన్సారుకు సోదరునిగా చేశారు. హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అతనిని దీవించి, నాకు బజారు దారి చూపించు చాలు అన్నారు. ఇందులో ఇద్దరికీ పాఠం ఉంది. స్థానికుడు హృదయం తెరవాలి, వచ్చినవాడు ఆత్మగౌరవంతో కష్టపడాలి. మన మధ్యకు వచ్చినవారిలో ఎక్కువ మంది అడిగేది సగం ఆస్తి కాదు, బజారు దారి మాత్రమే.

కనుక ఈ జుమా నుండి నాలుగు పనులు మొదలుపెడదాము.

మొదటిది: మస్జిదులో ఒక రిజిస్టరు ఉంచుతాము. బయటి నుండి వచ్చిన ప్రతి నమాజీ తన పేరు, ఊరు, ఇంటివారి ఫోను నెంబరు ఇష్టమైతే వ్రాసుకోవచ్చు. ఎవరైనా రెండు జుమాలు కనిపించకపోతే వెళ్ళి చూసే బాధ్యత కమిటీది, అందరికంటే ముందు నాది.

రెండవది: గదులు అద్దెకిచ్చేవారు నీరు, గాలి, వెలుతురు ఉన్నాయో లేవో స్వయంగా చూడాలి. జబ్బుపడినవానిని గూడూరు ఆసుపత్రికి చేర్చడం మీ బాధ్యత అనుకోండి.

మూడవది: గుంటల మీద, లారీల మీద, కట్టడాల దగ్గర మనుషులను పనికి పెట్టుకునేవారు కూలిని ఆపకండి. పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని హదీసులో ఉంది. ఆ న్యాయస్థానంలో మేస్త్రీ మీదికి నెట్టివేయడం సాగదు.

నాలుగవది: చదువుకున్న యువకులు వారికి దారి చూపండి. తమ రాష్ట్రపు రేషను కార్డు మీద ఇక్కడ కూడా బియ్యం తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. ఫారం నింపడం, బ్యాంకులో మాట సాయం చేయడం మీకు పది నిమిషాలు, వారికి ఒక రోజు కూలి.

సోదరులారా! ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్నకు ఈనాటికీ నేను జవాబుదారినే. ఇకముందు ఏ తల్లి అడిగినా, "అవునమ్మా, నీ బిడ్డ మాకు తెలుసు" అని చెప్పగలగాలి. ఈ రోజు సలాం తిప్పిన తర్వాత వెంటనే లేవకండి. కుడివైపు ఉన్నవానిని, ఎడమవైపు ఉన్నవానిని పేరు అడగండి. చివరి సఫ్‌లో ఉన్న సోదరులారా, మీరు ముందుకు రండి. ఇది మీ మస్జిదు కూడా.

ఓ అల్లాహ్! పరాయి ఊరిలో మరణించిన ఆ యువకుని పాపాలను క్షమించు, అతని సమాధిని విశాలం చేయి, అతని తల్లికి సహనాన్ని ప్రసాదించు. మా నిర్లక్ష్యాన్ని మన్నించు. దూరదేశాలలో ఉన్న మా బిడ్డలకు మంచి పొరుగువారిని అనుగ్రహించు, మా మధ్యకు వచ్చినవారికి మమ్మల్ని మంచి పొరుగువారిగా చేయి. మా ఊరిని, మా దేశాన్ని శాంతి భద్రతలతో ఉంచు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.