నల్లజాబితాలో కూలి మాట ఎక్కడ?



ఆసుపత్రుల్లో ఊడ్చే ఆడవాళ్ల జీతాలు నెలల తరబడి ఎగ్గొట్టిన కాంట్రాక్టరును బ్లాక్‌లిస్టులో పెట్టమని మనం అడుగుతూనే ఉంటాం. అలా పెడితే ఏమవుతుందో కాస్త చూద్దాం.

కాంట్రాక్టరు వాదన వినకుండా నల్లజాబితాలో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1974లో ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో చెప్పింది. ఈ శిక్ష వేయబోతున్న సంగతి నోటీసులోనే తెలియాలని 2014లో గూర్ఖా సెక్యూరిటీ కేసులో అంది. న్యాయమే, కాదనను. మరి రేపటి నుంచి రావద్దని గేటు దగ్గరే నోటిమాటతో ఆపేసిన స్వీపరమ్మకు ఎవరు నోటీసిచ్చారు?

కేంద్రప్రభుత్వ 2017 ఆర్థిక నిబంధనల ప్రకారం నిజాయితీ నియమావళిని ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా, అవినీతి నిరోధక చట్టం కింద శిక్షపడితే మూడేళ్ల దాకా డిబార్ చేయవచ్చు. ఆ నియమావళిలో లంచం ఉంది, టెండర్లలో కుమ్మక్కు ఉంది, తప్పుడు డిక్లరేషన్ ఉంది. కూలి ఎగవేత ప్రస్తావనే లేదు!

ఇంకో చిక్కు. డిబార్ చేస్తే అతనికి కొత్త టెండర్లు రావు, అంతే. పాత బకాయి మన చేతికి రాదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానే చెల్లించి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే రాశారు. 2020 కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. కనుక వినతిపత్రంలో మొదటి డిమాండు బకాయి, అదీ ఆసుపత్రి మీద. డిబార్ రెండోది. విచారణలో రుజువు అడుగుతారు. హాజరుపట్టీ కాంట్రాక్టరు దగ్గరే ఉంటుందంటారా, మీరే ఒక నోటుబుక్కులో రోజూ రాసుకోండి.